గుణమా... జబ్బా?

‘‘వాడికి ముక్కు మీదే కోపం.’’ ‘‘ఆ పిల్లకి నోట్లో నాలుకే లేదు.’’ ‘‘ఆయన కన్నకొడుకుని కూడా నమ్మడు.’’ ‘‘ఆమెకి ఎప్పుడూ నలుగురూ తనవైపే చూస్తుండాలి.’’

పలమనేరు బస్టాండులో కుప్పం బస్సు కోసం ఓ పావుగంట నిలబడితే చాలు, ఇలాంటి మాటలు నాలుగైదు చెవిన పడతాయి. ప్రతి ఇంట్లోనూ ఒక కోపిష్టి, ఒక పిసినారి, ఒక భయస్తుడు, ఒక మొండిఘటం ఉంటారు. వాళ్ల గురించి పెద్దలు ఏనాడో తీర్పు చెప్పేశారు... పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదని. విచిత్రమేమిటంటే, ఆ తీర్పు చెప్పిన నోటితోనే మరో సలహా కూడా ఇస్తారు... ‘ఒక పెళ్లి చేసేయండి, అదే కుదురుకుంటుంది’ అని!

పుడకలదాకా పోదన్న బుద్ధి మూడు ముళ్లతో ఎలా పోతుంది? రెండింటిలో ఏదో ఒకటి తప్పయి ఉండాలి. నూరేళ్లుగా మనిషి వ్యక్తిత్వాన్ని పరిశీలిస్తున్న మనస్తత్వ శాస్త్రం మాత్రం రెండూ తప్పేనంటోంది.

నిఘంటువులో దొరికిన మనిషి

మనుషుల్ని గుణాన్ని బట్టి విడదీసి చూడటం కొత్త విద్యేమీ కాదు. మన పెద్దలు సత్వ, రజ, తమో గుణాలన్నారు. ఆయుర్వేదం వాత, పిత్త, కఫ ప్రకృతులంది. గ్రీకు వైద్యులు శరీరంలోని నాలుగు ద్రవాల పాళ్లను బట్టి మనిషి స్వభావం ఉంటుందని నమ్మారు. ఇరవయ్యో శతాబ్దం వచ్చేసరికి ఫ్రాయిడ్ మనసు లోతుల్లోని కోరికలకీ, కట్టుబాట్లకీ మధ్య జరిగే పెనుగులాటే వ్యక్తిత్వం అన్నాడు. 1921లో యూంగ్ మనుషుల్ని అంతర్ముఖులు, బహిర్ముఖులు అని రెండుగా చూశాడు.

అమెరికాలో ఆల్‌పోర్ట్, ఆడ్‌బర్ట్ అనే ఇద్దరు మాత్రం వేరే దారి పట్టారు. ఒక మనిషిని మరో మనిషి నుంచి వేరుచేసే గుణం ఏదైనా ఉంటే, జనం దానికి ఎప్పుడో ఒక మాట పెట్టుకునే ఉంటారు కదా అన్నది వాళ్ల ఆలోచన. పెద్ద ఇంగ్లిష్ నిఘంటువొకటి ముందేసుకుని మనుషుల్ని వర్ణించే మాటలన్నీ ఏరారు. 1936లో లెక్క తేలింది... దాదాపు 18 వేల మాటలు! వాటిలో నిలకడగా ఉండే గుణాలను చెప్పేవి నాలుగున్నర వేలు. తర్వాత కాటెల్ అనే శాస్త్రవేత్త లెక్కలు కట్టి వాటిని పదహారుకి కుదించాడు. చాలామంది పరిశోధకుల చేతులు మారాక చివరికి అవి ఐదు దగ్గర ఆగాయి.

ఆ ఐదూ అర్థం కావాలంటే పుస్తకం అక్కర్లేదు. మదనపల్లె టమోటా మార్కెట్ చాలు. దేశంలోని పెద్ద టమోటా మార్కెట్లలో అదొకటి. ఒకరోజు ధర పాతాళానికి పడిపోయిందనుకుందాం. ఒకే ఊరి నుంచి సరుకు తెచ్చిన ఐదుగురు రైతులున్నారు. ఒకాయన వచ్చే పంటకి వేరే రకం వేస్తే ఎలా ఉంటుందని అప్పుడే ఆలోచిస్తుంటాడు... కొత్తదనం మీద ఆసక్తి. ఇంకొకాయన జేబులోంచి చిట్టా తీసి ఎరువులు, కూలీ, బాడుగ లెక్క రాసుకుంటాడు... పద్ధతి. మూడో ఆయన టీ కొట్టు దగ్గర పదిమందిని పోగేసి మాట్లాడుతుంటాడు... కలుపుగోలుతనం. నాలుగో ఆయన ‘పోన్లే, వ్యాపారికి మాత్రం ఏం మిగిలింది’ అని సర్దుకుంటాడు... మెత్తదనం. ఐదో ఆయనకి ఇంటికెళ్లినా నిద్రపట్టదు, కడుపులో దేవుతుంది... ఆందోళన.

నిజానికి ఈ ఐదూ ఐదుగురిలో విడివిడిగా ఉండవు. ప్రతి మనిషిలోనూ ఐదూ ఉంటాయి, పాళ్లే వేరు. ఎత్తులాగే ఇవీ కొలతలు. చాలామంది మధ్యలో ఉంటారు, కొద్దిమంది ఆ చివరో ఈ చివరో ఉంటారు. చివర ఉన్నంత మాత్రాన జబ్బు కాదు. ఆరడుగుల మూడంగుళాల మనిషిని రోగి అనం కదా!

ఇంకో సంగతి కూడా ఉంది. ఇంట్లో పులి, వీధిలో పిల్లి అన్నట్టు మనిషి నడత చోటును బట్టి కూడా మారుతుంది. 1968లో వాల్టర్ మిషెల్ అనే శాస్త్రవేత్త సరిగ్గా ఇదే ప్రశ్న లేవదీసి పెద్ద దుమారం రేపాడు. గుణమా, సందర్భమా అని ఏళ్ల తరబడి వాదులాడుకున్నాక, రెండూ కలిస్తేనే మనిషి అన్నదగ్గర ఎక్కువమంది రాజీపడ్డారు.

మదనపల్లె మందబుద్ధి

గుణాన్ని లోపంగా పొరబడితే ఏమవుతుందో తెలుసుకోవడానికి దూరం పోనక్కర్లేదు. 1895 మే నెలలో మదనపల్లెలో జిడ్డు నారాయణయ్య, సంజీవమ్మ దంపతులకి ఎనిమిదో సంతానంగా ఓ పిల్లవాడు పుట్టాడు. చిన్నప్పుడే మలేరియా పట్టి పీడించింది. పదేళ్ల వయసులో తల్లి పోయింది. ఎప్పుడూ ఏదో లోకంలో ఉన్నట్టు శూన్యంలోకి చూస్తుండేవాడు. పాఠం తలకెక్కేది కాదు. తర్వాత మద్రాసు బడిలోనూ అదే తంతు. మందబుద్ధి అని పంతుళ్లు తేల్చేశారు, బెత్తంతో కొట్టారు. మూడేళ్లు చిన్నవాడైన తమ్ముడు నిత్యానందం మాత్రం చదువులో చురుకు. ఒకే ఇల్లు, ఒకే తల్లిదండ్రులు, ఒకే బడి... ఇద్దరు పిల్లలు రెండు రకాలు.

ఆ ‘మందబుద్ధి’ పిల్లవాడు ఓసారి తండ్రి గడియారాన్ని ముక్కలు ముక్కలుగా విప్పేశాడు. మళ్లీ అన్నీ బిగించేదాకా బడికి పోననీ, అన్నం తిననీ మొండికేశాడు. ఆ పట్టుదల పంతుళ్ల లెక్కలోకి రాలేదు. 1909లో మద్రాసు అడయారులో దివ్యజ్ఞాన సమాజం వాళ్ల కంటపడిన ఆ పిల్లవాడే జిడ్డు కృష్ణమూర్తి. జగద్గురువుని చేస్తామని తన కోసమే కట్టిన సంస్థని 1929లో తన చేత్తోనే రద్దుచేసి, ఆ తర్వాత ఆరు దశాబ్దాలకు దగ్గరగా ప్రపంచమంతా తిరిగి మాట్లాడిన మనిషి ఆయన. మదనపల్లె దగ్గరి రిషీవ్యాలీ స్కూలు ఆయన ఆలోచనలతో నడుస్తున్నదే.

ప్రతి పరధ్యానపు పిల్లాడూ కృష్ణమూర్తి అవుతాడని కాదు. మాట తక్కువ, ధ్యాస ఎక్కడో ఉంది, నలుగురిలో కలవడన్నంత మాత్రాన పిల్లవాడికి ‘లోపం’ అని పేరు పెట్టడం తొందరపాటు అని మాత్రమే. నలుగురిలో కలవని పిల్లని నలుగురిలోకి నెట్టినంత మాత్రాన ఆమె బహిర్ముఖి అయిపోదు. ‘నాలో ఏదో తేడా ఉంది’ అన్న భయం మాత్రం మిగులుతుంది.

గీత ఎక్కడ దాటుతుంది?

మరి గుణం జబ్బుగా మారేది ఎక్కడ? జర్మన్ వైద్యుడు కర్ట్ ష్నైడర్ 1923లోనే ఒక కొలబద్ద చెప్పాడు. తన స్వభావం వల్ల మనిషి తానైనా బాధపడాలి, లేదా చుట్టూ ఉన్నవాళ్లనైనా బాధపెట్టాలి. నేటి వైద్యులు దానికి మరో మూడు చేర్చి చూస్తారు. ఆ తీరు యుక్తవయసు నుంచీ ఏళ్ల తరబడి ఉండాలి. ఒక్కచోట కాక ఇంట్లో, పనిలో, స్నేహాల్లో అన్నిచోట్లా కనపడాలి. నష్టం కళ్లకి కనిపిస్తున్నా మార్చుకోలేనంత బిగుసుకుపోయి ఉండాలి. దీన్నే పర్సనాలిటీ డిజార్డర్ అంటారు, తెలుగులో వ్యక్తిత్వ రుగ్మత.

జాగ్రత్తపరుడు తాళం వేశాక ఒకసారి లాగి చూస్తాడు. అనుమానం రుగ్మతైన మనిషి పక్కింటాయన నవ్వితే తనమీదే నవ్వాడనుకుంటాడు, భార్య ఫోన్ మోగితే ప్రశ్నలు మొదలుపెడతాడు, అన్నదమ్ములతో, తోటి ఉద్యోగులతో, చివరికి వైద్యుడితో కూడా తగవు పడతాడు. ఇరవై ఏళ్లుగా అంతే. లోకమంతా తప్పు, తానొక్కడే ఒప్పు.

అమెరికా మానసిక వైద్యుల సంఘం పుస్తకం ఇలాంటివాటిని పదిగా, మూడు గుంపులుగా లెక్కేసింది. మొదటి గుంపులో అనుమానం, మనుషులంటేనే పట్టనితనం, వింత నమ్మకాలు. రెండో గుంపులో ఆవేశం, నాటకీయత ఎక్కువ. ఎదుటివారి బాధ, హక్కులు పట్టనివాళ్లు, గొప్ప తమదేననేవాళ్లు, అందరి కళ్లూ తమమీదే ఉండాలనేవాళ్లు, క్షణంలో ప్రాణం, క్షణంలో ద్వేషంగా ఊగిపోతూ తమని తామే గాయపరచుకునేవాళ్లు ఇందులోకి వస్తారు. ఈ చివరిదానికే బార్డర్‌లైన్ అని పేరు. మూడో గుంపుది భయం. ఎవరేమనుకుంటారోనని మనుషుల్నే తప్పించుకునేవాళ్లు, చీర రంగు కూడా ఒకరు చెబితే తప్ప ఎంచుకోలేనివాళ్లు, అంతా తన పద్ధతిలోనే జరగాలని ఇంటిల్లిపాదినీ వేధించేవాళ్లు ఇందులో ఉంటారు.

అయితే మనుషులు ఇలా గదుల్లో ఒదిగిపోరు. ఒకే మనిషిలో రెండు మూడు రకాల లక్షణాలు కలిసి కనిపిస్తుంటాయి. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 జనవరి నుంచి అమల్లోకి తెచ్చిన కొత్త వర్గీకరణలో ఈ గదుల్ని దాదాపుగా తీసేసింది. ముందు ఇబ్బంది స్వల్పమా, మధ్యస్థమా, తీవ్రమా అని చూస్తారు. తర్వాత ఏ గుణం పాళ్లు మించిందో చూస్తారు. అంటే నిఘంటువు ముందేసుకుని కూర్చున్న ఆల్‌పోర్ట్ దారికే వైద్యం కూడా వచ్చిందన్నమాట! రకరకాల దేశాల సర్వేలను బట్టి చూస్తే నూటికి 6 నుంచి 8 మందికి ఏదో ఒక మోతాదులో ఈ రుగ్మత ఉంటుంది.

ఒక ముఖ్యమైన తేడా గుర్తుంచుకోవాలి. నలభై ఐదేళ్లదాకా నెమ్మదిగా ఉన్న మనిషి ఆరు నెలల్లో అనుమానపు మనిషిగానో కోపిష్టిగానో మారిపోతే అది వ్యక్తిత్వం కాదు. డిప్రెషన్, మద్యం, థైరాయిడ్, మెదడుకి సంబంధించిన జబ్బు... ఏదైనా కారణం కావచ్చు. ‘ముసలితనం వస్తోంది, చాదస్తం’ అని ఊరుకోకుండా వెంటనే వైద్యుడికి చూపించాలి.

పెళ్లి మందు కాదు

సంబంధాలు కుదిర్చే వేళ అబ్బాయి జీతం, అమ్మాయి చదువు, జాతకం, పొలం... అన్నీ అడుగుతారు. కోపం వస్తే ఏంచేస్తాడని ఎవరూ అడగరు. అడిగినా ‘కొంచెం కోపం ఎక్కువ, మనసు వెన్న’ అన్న సమాధానం సిద్ధంగా ఉంటుంది. ఇంట్లో వస్తువులు పగలగొట్టే కొడుకుని, చీటికీ మాటికీ చెయ్యి కోసుకునే కూతుర్ని ఏళ్ల తరబడి దాచిన తల్లిదండ్రులు కూడా చివరికి ముహూర్తం పెట్టేస్తారు. వాళ్లకి చెడ్డ ఉద్దేశం ఉండదు. బాధ్యత వస్తే బుద్ధి వస్తుందని మనస్ఫూర్తిగా నమ్ముతారు.

ఆ నమ్మకంలో ఎసరంత నిజం కూడా ఉంది. మామూలు స్వభావం ఉన్నవాళ్లలో వయసూ బాధ్యతలూ పద్ధతిని, నిలకడని పెంచుతాయని పరిశోధనలు చెబుతున్నాయి. కానీ రుగ్మత సంగతి వేరు. అది ఎక్కువగా బయటపడేదే దగ్గరి బంధాల్లో. దూరంగా ఉన్నవాళ్ల దగ్గర మర్యాదగా నెట్టుకొచ్చే మనిషి, రాత్రీ పగలూ పక్కనే ఉండే మనిషి దగ్గర నెట్టుకురాలేడు. విడిచిపోతారేమోనన్న భయం, మోసం చేస్తున్నారేమోనన్న అనుమానం, తన మాటే నెగ్గాలన్న పంతం... వీటన్నిటికీ పెళ్లి రోజూ మేత వేస్తుంది. దానికితోడు ఏ పాపం ఎరగని ఇంకో ఇంటి బిడ్డ ఇందులో చిక్కుకుంటుంది. ఆ బిడ్డకి ‘నువ్వే సర్దుకుపోవాలి’ అని చెబుతారు. ఆ తర్వాత ‘ఒక పిల్లో పిల్లాడో పుడితే మారతాడు’ అంటారు. ఇలా ఒక్కో మెట్టుకీ ఒక్కో మనిషి చేరుతుంటాడు తప్ప అసలు సమస్య అక్కడే ఉంటుంది.

అర్థం చేసుకోవడమంటే దెబ్బలు ఓర్చుకోవడం కాదు. రుగ్మత ఉండటం ఎవరినైనా కొట్టడానికి లైసెన్సు కాదు. ప్రమాదం అనిపిస్తే 112కి, మహిళలైతే 181కి ఫోన్ చేయొచ్చు. ముందు ప్రాణం, తర్వాతే పరువు.

ఎందుకొస్తుంది?

కవలల మీద జరిగిన అధ్యయనాలు వ్యక్తిత్వంలోని తేడాల్లో ఇంచుమించు సగానికి వంశపారంపర్యం కారణమంటున్నాయి. మిగతాదంతా పెరిగిన తీరు, ఎదురైన అనుభవాలు. చిన్నప్పుడు దెబ్బలు, లైంగిక వేధింపులు, పట్టించుకునేవాళ్లు లేకపోవడం ఈ రుగ్మతలకి దారితీసే అవకాశాన్ని పెంచుతాయి. అలాగని రుగ్మత ఉన్న ప్రతి మనిషి వెనకా చెడ్డ తల్లిదండ్రులు ఉండరు. పుట్టుకతోనే సున్నితంగా ఉండే బిడ్డ ఏడ్చిన ప్రతిసారీ ‘ఇంత చిన్నదానికి ఏడుపా’ అన్న మాట విన్నదనుకోండి... తన బాధకి ఏం పేరు పెట్టాలో, దాన్ని ఎలా దించుకోవాలో ఆ బిడ్డకి తెలియదు. పెద్దగా అరిస్తేనో, ఒళ్లు గాయపరచుకుంటేనో తప్ప ఎవరూ వినరని మాత్రం నేర్చుకుంటుంది.

ఈ మాట చెప్పినామె మార్షా లినెహాన్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త. బార్డర్‌లైన్ రుగ్మతకి డీబీటీ అనే శిక్షణలాంటి చికిత్సని రూపొందించి 1993లో దానిమీద పుస్తకం రాశారు. ఆవేశం వచ్చినప్పుడు ఆగడం, బాధని గుర్తుపట్టడం, గొడవ లేకుండా అడగడం... వీటిని పాఠాల్లా నేర్పిస్తారు. 2011లో ఆమె ఇంకో సంగతి బయటపెట్టారు. పదిహేడేళ్ల వయసులో తానూ ఆసుపత్రి పాలయ్యాననీ, తనని తాను గాయపరచుకుంటూ రెండేళ్లకు పైగా అక్కడే గడిపాననీ చెప్పారు. ఆనాడు ఆమె ఆశలేని రోగి. ఆ రోగే తర్వాత వైద్యం కనిపెట్టారు.

పుడకలదాకా ఆగక్కర్లేదు

ముప్ఫై ఏళ్లు దాటాక మనిషి గుణం సున్నంలా గట్టిపడిపోతుందని విలియం జేమ్స్ అనే మహా పండితుడు 1890లో రాశాడు. మన సామెతకి అమెరికా తమ్ముడన్నమాట! ఆయన మాట నిలవలేదు. బోస్టన్ దగ్గరి మెక్‌లీన్ ఆసుపత్రిలో బార్డర్‌లైన్ రుగ్మతతో చేరిన 290 మందిని పరిశోధకులు పదేళ్లపాటు వెంటపడి చూశారు. నూటికి 93 మందిలో ఆ రుగ్మత లక్షణాలు కనీసం రెండేళ్లపాటు వెనక్కి తగ్గాయి. అయితే పని, మనుషులతో బంధాలు కూడా సరిగ్గా కుదురుకుని పూర్తిగా కోలుకున్నవాళ్లు సగం మందే. అంటే ఆశ ఉంది, తొందర మాత్రం పనికిరాదు. అన్ని రుగ్మతలూ ఒకేలా లొంగవు కూడా. ఎదుటివారి బాధే పట్టని తీరు అన్నిటికన్నా మొండిది.

వ్యక్తిత్వాన్నే మార్చే మాత్ర లేదు. తోడుగా వచ్చే డిప్రెషన్‌కో, ఆందోళనకో మందులు ఇస్తారు. అసలు వైద్యం మాటలతోనే... నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ల తరబడి కౌన్సెలింగ్. ఇందులో కుటుంబం పాత్ర పెద్దది. ఈ ప్రాంతం వాళ్లకి బాగా తెలిసిన వేలూరు సీఎంసీ ఆసుపత్రి 1957లో బాగాయంలో మానసిక వైద్య కేంద్రం తెరిచినప్పుడు, రోగితోపాటు ఇంటివాళ్లని కూడా అక్కడే ఉంచుకుని వైద్యంలో భాగం చేసింది. రోగిని వదిలేసి వెళ్లిపోవడమే తెలిసిన రోజుల్లో అది పెద్ద మార్పు. పలమనేరు నుంచి చిత్తూరు మీదుగా వెళితే వేలూరు, కోలారు మీదుగా వెళితే బెంగళూరు నిమ్హాన్స్, ఇటు కుప్పంలో మెడికల్ కాలేజీ, అటు తిరుపతిలో రుయా... చూపించుకోవడానికి చోట్లు లేక కాదు, ‘పిచ్చి డాక్టరు’ దగ్గరికి వెళ్లామని ఎవరికైనా తెలుస్తుందేమోనన్న బెంగే అడ్డు. వెళ్లలేనివాళ్లు 14416కి ఫోన్ చేస్తే ఏ వేళలోనైనా తెలుగులో మాట్లాడేవాళ్లుంటారు. 2022 అక్టోబరులో మొదలైన ఈ టెలీ మానస్ సేవ ఉచితం. చచ్చిపోతానన్న మాట ఎవరి నోటినుంచి వచ్చినా ‘బెదిరింపు’ అని తీసిపారేయకూడదు. పదిసార్లు అన్నవాళ్లయినా సరే.

అత్తగారికి పేరు పెట్టకండి

ఈ పాటికి చదివేవాళ్ల మనసులో ఎవరో ఒకరు మెదిలే ఉంటారు... అత్తగారో, అల్లుడో, ఆఫీసులో పై అధికారో! అక్కడే ఆగాలి. 1948లో ఫోరర్ అనే ప్రొఫెసర్ తన విద్యార్థులకి వ్యక్తిత్వ పరీక్ష పెట్టి, ఎవరి ఫలితం వాళ్లకి కాగితం మీద ఇచ్చాడు. ఎంత సరిగ్గా ఉందో ఐదుకి మార్కులు వేయమంటే సగటున 4.26 వేశారు. తీరా చూస్తే అందరికీ ఇచ్చింది ఒకటే కాగితం. అందులోని వాక్యాలు చాలావరకు జ్యోతిష్యం పుస్తకం లోనివి! వర్ణన ఏదైనా కాస్త లూజుగా ఉంటే ప్రతివారికీ సరిపోతుంది. అందుకే పత్రికలో చదివి ఇంట్లోవాళ్లకి జబ్బు పేరు పెట్టకూడదు. కోపంలో ‘సైకో’ అన్న మాట అసలే వాడకూడదు. ఆ పేరు పడ్డ మనిషి వైద్యుడి దగ్గరికి ఇక చచ్చినా రాడు.

పేరు పెట్టే బదులు ఇంట్లో కూర్చుని రెండు ప్రశ్నలు వేసుకుంటే చాలు. ఈ మనిషి తీరువల్ల తనకిగానీ, మిగతావాళ్లకిగానీ బతుకు బరువవుతోందా? ఇది ఏళ్లుగా, అన్నిచోట్లా ఇలాగే ఉందా? రెండింటికీ కాదన్నది జవాబైతే అది గుణం. కాస్త చోటిచ్చి సర్దుకుపోవచ్చు. అవునన్నది జవాబైతే పురోహితుడి దగ్గరికి వెళ్లేముందు వైద్యుడి దగ్గరికి వెళ్లాలి. ముహూర్తాలు ఈ ఏడాది కాకపోతే వచ్చే ఏడాదీ ఉంటాయి.